దేవుని సన్నిధిలో దొరికే సంతోషం సోమవారానికి ఎందుకు మిగలడం లేదు?

అమ్మా, మీ ప్రశ్న నిన్న రాత్రి చదివాను, పొద్దున మళ్ళీ చదివాను.

మీరు అడిగింది ఇది. హన్మకొండలో ఉద్యోగం, చిన్నప్పటి నుంచి చర్చి అలవాటు. ఆదివారం ఆరాధనలో పాటలు పాడుతుంటే కళ్ళనీళ్ళు వస్తాయి, గుండె నిండిపోతుంది. సోమవారం ఆఫీసుకు బస్సెక్కేసరికి ఏమీ మిగలదు. "నీ సన్నిధిని సంపూర్ణ సంతోషము కలదు" అని బైబిల్లో పదహారో కీర్తనలో ఉంది కదా, మరి నాకెందుకు దొరకడం లేదు, నా విశ్వాసంలో లోపమా అని అడిగారు. మధ్యలో ఇంకో ముక్క కూడా రాశారు: "నాన్న పోయి రెండేళ్ళవుతోంది, దాన్నుంచి బయటపడ్డాను, అది కారణం కాదు" అని.

ముందు జవాబు చెప్పేస్తాను. మీ విశ్వాసంలో లోపం లేదు. ఆదివారం కలిగే ఆనందం అబద్ధమూ కాదు, దానికి సిగ్గుపడకండి. కానీ దేవుని సన్నిధిలో ఉన్న సంతోషం, ఆయన ముందు మనం దాచుకున్న మాట బయటపెట్టాకే నిలబడుతుంది. అప్పటిదాకా వచ్చేది వచ్చినట్టే పోతుంది.

నేను వరంగల్, మహబూబాబాద్ వైపు పల్లెల్లో 33 ఏళ్ళు ఉపదేశిగా పనిచేశాను. ఈ మాట తెలియనివాళ్ళ కోసం చెప్తున్నా: నాలుగైదు ఊళ్ళకు కలిపి ఒక అయ్యగారు, అంటే పాస్టరు, ఉంటారు, ఊళ్ళో ఉండేది ఉపదేశి. ప్రార్థన పెట్టడం, పిల్లలకు పాటలూ వాక్యమూ నేర్పడం, జబ్బు పడ్డవాళ్ళ దగ్గర కూర్చోవడం, చావుకు పోవడం మా పని. నాకు వేదాంత పట్టా లేదు. కింద రాసేదంతా ఇళ్ళల్లో, కల్లాల్లో, ఆసుపత్రి వరండాల్లో చూసిందే.

మీరు రాసిన ఆ వచనం మనలో చాలామంది ఇళ్ళల్లో గోడ మీద ఉంటుంది. పదకొండో వచనం, ఆ కీర్తనలో చివరిది. మొదటి వచనాన్ని ఎవరూ ఫ్రేము కట్టించుకోరు. "దేవా, నీ శరణుజొచ్చియున్నాను, నన్ను కాపాడుము" అని మొదలవుతుంది. అంటే ఆ మనిషి భయంతో లోపలికొచ్చాడు. ఆ సంపూర్ణ సంతోషం మాట రావడానికి ఒక్క వచనం ముందు, పదోదాంట్లో, పాతాళం గురించి మాట్లాడుతున్నాడు. చావు భయం నోరు తెరిచి చెప్పుకున్నాకే "సంపూర్ణ సంతోషము" అనగలిగాడు. మనం చివరి మెట్టు మీద నిలబడాలనుకుంటాం, కింది మెట్లు ఎక్కం.

ఇంకో సంగతి. మన బైబిల్లో "సన్నిధి" అని ఉన్న ఆ చోట హీబ్రూలో ఉన్న మాట పానీమ్. దాని అర్థం ముఖం. నీ ముఖం ఎదుట సంపూర్ణ సంతోషం ఉంది అని. ఇది మా అయ్యగారు ఒకాయన చెప్పగా విన్నప్పుడు నాకు పెద్ద ముడి విడిపోయింది. ఇంట్లో ఇద్దరు అలిగారనుకోండి, ఒకే గదిలో ఉంటారు, ఒకే కంచం కడుగుతారు, ముఖం మాత్రం చూసుకోరు. దగ్గర ఉండటం వేరు, ముఖం చూపించడం వేరు. చర్చిలో ముందు వరుసలో కూర్చుని కూడా దేవునికి ముఖం చాటేయవచ్చు.

మా తాత సంగతి చెప్పాలి ఇక్కడ. నిజాం కాలం మనిషి, వెట్టి చేసినవాడు. గడీ ముందు నుంచి పోవాలంటే చెప్పులు చేతపట్టుకుని, తల దించుకుని పోవాలి. దొర ముఖంలోకి చూడటమే తప్పు. 1909లో తమిళ ప్రాంతం నుంచి డోర్నకల్ వచ్చి, తెలుగు నేర్చుకుని, 1912లో భారతీయుల్లో మొదటి ఆంగ్లికన్ బిషప్పు అయిన అజరయ్య గారి రోజుల్లో ఈ పల్లెల్లో కూలినాలి జనం గుంపులుగా ప్రార్థనకు వచ్చారు. వాళ్ళకు ఆస్తులు రాలేదు. చాలామంది అదే పొలంలో అదే కూలి చేశారు. కానీ వారానికి ఒకరోజు ఒక ముఖం ముందు తల ఎత్తి నిలబడ్డారు. తాత చనిపోయేదాకా ప్రార్థనలో కళ్ళు మూసుకునేవాడు కాదట, పైకి చూస్తూ చేసేవాడట. ఎందుకు నాయినా అని మా నాన్న అడిగితే "ఇక్కడన్న సూడనియ్యిరా" అన్నాడట. సంతోషం అంటే ఏమిటని ఎవరైనా అడిగితే నాకు ముందు ఆ మాటే గుర్తొస్తుంది.

ఇక నా సంగతి. 2006లో మా పెద్దబిడ్డ పోయింది. పంతొమ్మిదేళ్ళు. జ్వరం వచ్చిన ఆరో రోజు. మట్టి చేసిన నాలుగో రోజు ఆదివారం వచ్చింది, ఆరాధన నేనే నడిపించాను. బయటకొచ్చాక అందరూ నా చేతులు పట్టుకుని "ఎంత విశ్వాసం అయ్యా మీది" అన్నారు. ఆ మాట నాకు గంజి పెట్టిన చొక్కా అయింది. నలగకుండా తిరగాలి, విప్పడానికి లేదు. ఇంట్లో నా భార్య ఏడిస్తే "దేవుని చిత్తం" అనేవాణ్ణి. కొన్నాళ్ళకు ఆమె నా ముందు ఏడవడం మానేసింది. బిడ్డ పేరు ఇంట్లో పలకడమే ఆగిపోయింది. విచిత్రం ఏమిటంటే, పాటలు పాడేటప్పుడు నాకూ బాగానే ఉండేది, మీరు చెప్పినట్టే గుండె నిండేది. సైకిల్ తొక్కుకుంటూ ఇల్లు చేరేసరికి ఖాళీ. పదకొండు నెలలు అట్లా నడిచింది.

మరుసటి ఏడు ఫిబ్రవరిలో మా సంఘం పెద్దమ్మ ఒకామె, కౌలుకు ఎకరం మిరప వేసింది, పంట మార్కెట్టుకు పోయేముందు కల్లంలో ప్రార్థన చేయమని పిలిచింది. తేజ రకం. మన వరంగల్ చపాటా అయితే ఎరుపు ఎక్కువ, కారం తక్కువ, తేజ అట్లా కాదు. నేల మీద ఎర్రగా పరిచి ఉంది, ఎండకు కాయ గలగలలాడుతోంది. పదిమంది ఆడవాళ్ళు ముక్కులకు కొంగు కట్టుకుని తాలుకాయ ఏరుతున్నారు. పక్కనే సంచుల్లో తొక్కి నింపుతున్నారు, తొక్కినప్పుడల్లా ఘాటు లేస్తోంది. ప్రార్థన మొదలుపెట్టానో లేదో ఒకరి వెనక ఒకరికి తుమ్ములు, దగ్గు. అందరి కళ్ళల్లో నీళ్ళు. నాకూ వచ్చాయి. ఆమెన్ అన్నాక వాళ్ళు కళ్ళు తుడుచుకుని మళ్ళీ పనిలో పడ్డారు. నాకు మాత్రం ఆగలేదు. కల్లం దాటి చింతచెట్టు కిందికి, ఘాటు తగలని చోటికి వచ్చినా ఆగలేదు.

పెద్దమ్మ చెంబుతో నీళ్ళు తెచ్చింది. కాసేపు చూసి, "గిది మిరప ఘాటు కాదయ్యా" అంది. తర్వాత, "మా అందరి సంగతి దేవునికి చెప్తరు. మీ బిడ్డను ఎందుకు తీస్కపోయినవని ఎన్నడన్న అడిగిన్రా?" అంది.

"అట్లా అడగొద్దమ్మా" అన్నాను.

"ఎందుకడగొద్దు? కన్నతండ్రిని అడగకపోతె ఇంకెవల్ని అడుగుతం?"

ఆ సాయంత్రం ఇంటికి పోతూ చెరువు కట్ట మీద సైకిల్ ఆపాను. అడిగాను. గట్టిగానే అడిగాను, ఆ మాటలు ఇక్కడ రాయలేను. ఎంతసేపు కూర్చున్నానో, బర్లు ఇళ్ళకు మళ్ళిన సంగతి కూడా తెలియలేదు. జవాబు రాలేదు. ఇప్పటికీ రాలేదు, అది మీకు దాచను. కానీ నేను ఒక్కణ్ణే కూర్చుని లేనని తెలిసింది. అంత కోపంగా మాట్లాడినా ఆయన లేచిపోలేదు. ఇంటికెళ్ళి నా భార్యతో బిడ్డ పేరు పలికాను. ఇద్దరం ఏడ్చాం. ఆ రాత్రి అన్నంలోకి పచ్చిపులుసు, అంతే. పదకొండు నెలల తర్వాత నా నోటికి ఉప్పూ పులుపూ తెలిశాయి.

సంతోషం అని నేను అనేది దాన్నే. చేదబావిలో బొక్కెన వేసి ఊపుతుంటే, అది మునిగి నిండగానే చేతిలో తాడు బరువెక్కుతుంది చూడండి. నీళ్ళు ఇంకా కనబడవు, చేతికి మాత్రం తెలుస్తుంది. అట్లాంటిది. తర్వాత దుఃఖం రాలేదని కాదు, ఈ రోజుకీ వస్తుంది. ఆ బరువు మాత్రం చేతిలోంచి పోలేదు.

బైబిల్ మొత్తం ఇట్లా అడిగినవాళ్ళతోనే నిండి ఉంది. పదమూడో కీర్తన "ఎన్నాళ్ళవరకు నన్ను మరచిపోవుదువు" అని మొదలవుతుంది. ఎనభై ఎనిమిదో కీర్తన అయితే చీకట్లోనే ముగిసిపోతుంది, ఓదార్పు మాట ఒక్కటీ చివర రాదు. అయినా దాన్ని తీసేయలేదు, ఆరాధనలో పాడే పాటల మధ్యే ఉంచారు. డెబ్బై మూడోదాంట్లో, అది రాసిన ఆసాపు చెడ్డవాళ్ళ కలిమి చూసి ఈర్ష్య పడ్డానని ఒప్పుకుంటాడు. దేవుని పరిశుద్ధ స్థలంలోకి పోయేదాకా ఏమీ అర్థం కాలేదంటాడు. లోపలికి పోయి వచ్చాక వాళ్ళ కలిమి తగ్గలేదు, ఇతనికి పెరగలేదు. అయినా చివరికి "నాకైతే దేవుని పొందు ధన్యకరము" అన్నాడు. పక్క చేనులో పత్తి బాగా పండి తన చేను ఎండిపోయిన రైతులకు నేను ఎక్కువసార్లు చదివి వినిపించింది ఈ కీర్తనే. ఈర్ష్యను దేవుని ముందు పెట్టొచ్చని తెలిసినప్పుడు వాళ్ళ ముఖాలు తేలికపడటం చూశాను.

ఇక సోమవారం సంగతి. మీరు ఆదివారం చర్చిలోంచి బయటికి వచ్చేముందు చివరగా వినేది ఏమిటో గమనించారా? చాలా చర్చిల్లో అది సంఖ్యాకాండం ఆరో అధ్యాయంలోని దీవెన: "యెహోవా నీకు తన సన్నిధిని ప్రకాశింపజేసి నిన్ను కరుణించును గాక." ఇక్కడా హీబ్రూలో ముఖమే. దేవుని ముఖం మీ మీద వెలగాలి అని. అది చెప్పేది తలుపు తీసి బయటికి పోతున్నవాళ్ళకు. అంటే సన్నిధి చర్చి లోపల ఉండిపోయేది కాదు, మీతో హన్మకొండ చౌరస్తా దాకా, బస్సు దాకా వచ్చేది. మనం ఆ దీవెన చెప్పే వేళకు చెప్పుల కోసం వెతుక్కుంటూ ఉంటాం.

మీరు చేయగలిగినవి కొన్ని చెప్తాను. నేను చేసినవే, ఇంకొకరి చేత చేయించినవే.

సంతోషం వచ్చిందా లేదా అని చూసుకోవడం ఆపండి. విత్తనం వేసి రోజూ తవ్వి చూస్తే మొలక రాదు. "ఈ రోజు నాకేమనిపించింది" అన్న ప్రశ్న పక్కన పెట్టి, "ఈ రోజు ఆయనకు నిజం చెప్పానా" అని అడుక్కోండి.

పొద్దున పది నిమిషాలు, ఫోన్ ముట్టుకోకముందు. పాట పెట్టొద్దు. పాట మంచిదే, కానీ మీ విషయంలో పాట మిమ్మల్ని తొందరగా పైకి లేపేస్తోంది, కింద ఉన్నది చూడనివ్వడం లేదు. ఊరికే కూర్చోండి. మొదటి వారం చిరాకు, టెన్షన్, ఆఫీసు పనులు తప్ప ఏమీ రావు. వాటినే చెప్పండి. "ప్రభువా, మా మేనేజరు మీద కోపంగా ఉంది" అనేది కూడా ప్రార్థనే.

రోజుకొక కీర్తన, వరసగా, ఏదీ వదలకుండా. 150 ఉన్నాయి, ఐదు నెలలు పడుతుంది. 119వది 176 వచనాలు, దాన్ని నాలుగైదు రోజులకు పంచుకోండి. నచ్చినవే ఏరుకుని చదివితే మళ్ళీ చివరి మెట్టు దగ్గరికే పోతారు.

ఎవరితోనైనా మాటలు లేకపోతే, ముందు అది చూసుకోండి. మా సంఘంలో అన్నదమ్ములిద్దరు పొలం గట్టు దగ్గర కొట్లాడుకుని ఏడేళ్ళు ఒకే ప్రార్థన మందిరంలో ఆ గోడకొకరు ఈ గోడకొకరు కూర్చున్నారు. ఇద్దరూ నా దగ్గరికి విడివిడిగా వచ్చి "ప్రార్థనలో ఎండిపోయినట్టు ఉంటోందయ్యా" అన్నారు. బలిపీఠం దగ్గర అర్పణ పెడుతుండగా సహోదరుడికి నీ మీద ఏదో ఉందని గుర్తొస్తే, అర్పణ అక్కడే వదిలి ముందు వెళ్ళి సమాధానపడు అని ప్రభువు చెప్పింది మత్తయి ఐదో అధ్యాయంలో ఉంది. గట్టు ఎవరిదో ఇప్పటికీ తేలలేదు. తమ్ముడి కూతురి పెళ్ళికి అన్న పొయ్యి దగ్గర నిలబడి వంట చేయించాడు. ఇద్దరూ మళ్ళీ ఆ ఎండిపోయిన మాట ఎత్తలేదు.

రెండు జాగ్రత్తలు చెప్పకపోతే ఈ జవాబు సగమే అవుతుంది.

ఒకటి. సంతోషం లేకపోవడం అన్నిసార్లూ ఆత్మ సంబంధమైన సంగతి కాదు. రెండు వారాలకు మించి నిద్ర సరిగా లేక, తిండి సయించక, దేని మీదా మనసు పోక, బతికి ఏం లాభం అన్న ఆలోచన వస్తుంటే డాక్టరు దగ్గరికి వెళ్ళండి. మానసిక సాయం కోసం ప్రభుత్వం వాళ్ళు పెట్టిన టెలి మానస్ ఫోన్ నంబరు 14416, తెలుగులోనే మాట్లాడవచ్చు. ఒక పిల్లవాణ్ణి నేను మందులకు పంపకుండా మూడు వారాలు ఉపవాస ప్రార్థనల్లో కూర్చోబెట్టాను. ఆ తప్పు నాది. వాడు బతికి బాగున్నాడు, అది దేవుని దయ, ఇప్పుడు మందులు వాడుతూ ప్రార్థనకూ వస్తున్నాడు. ఏలీయా ప్రవక్త చచ్చిపోతానని బదరీ చెట్టు కింద పడుకుంటే దేవుడు ముందు చేసింది ఏమిటి? పడుకోనిచ్చాడు, రొట్టె, నీళ్ళు పంపాడు, మళ్ళీ పడుకోనిచ్చాడు, మళ్ళీ తినిపించాడు. మాట్లాడింది ఆ తర్వాత. ఇది మొదటి రాజులు పందొమ్మిదో అధ్యాయంలో ఉంది, చదవండి.

రెండు. ఇంత కానుక ఇస్తే సంతోషం వస్తుంది, అప్పులు తీరుతాయి అని చెప్పేవాళ్ళ దగ్గరికి పోకండి. అప్పున్న రైతు చేతిలోంచి చివరి వెయ్యి రూపాయలు కూడా తీసుకున్న మాటకారిని నేను చూశాను. ఆ రైతు ఇంటికి నేను తర్వాత చాలాసార్లు వెళ్ళాల్సి వచ్చింది. దేవుని ముఖం అమ్మకానికి లేదు.

ఒకవేళ కుదిరితే ఒకరోజు సెలవు పెట్టి కాజీపేటలో రైలెక్కి డోర్నకల్ వెళ్ళి రండి. 1939లో ప్రతిష్ఠ చేసిన ఎపిఫనీ కెతీడ్రల్ అనే పెద్ద చర్చి ఉంది అక్కడ, గుడి స్తంభాల పోలిక, మసీదు గుమ్మటాల పోలిక కలిసి ఉంటాయి. ఆరాధన లేని పూట వెళ్ళండి. పాట ఉండదు, మైకు ఉండదు, పక్కన ఎవరూ ఉండరు. ఖాళీగా కూర్చోవడం నాకు అలవాటైంది అక్కడే.

చివరగా, మీ ప్రశ్నలో ఉన్న ఆ ముక్క. "దాన్నుంచి బయటపడ్డాను, అది కారణం కాదు." నేను అడగకముందే మీరు అది రాశారు. నా పదకొండు నెలల్లో నేనూ సరిగ్గా అదే మాట అందరికీ చెప్పాను. నేను పొరబడి ఉండవచ్చు, మీ ఇంటి సంగతి మీకే తెలుసు. కానీ రేపు పొద్దున ఆ పది నిమిషాల్లో పదమూడో కీర్తన తీయండి, ఆరు వచనాలే. "ఎన్నాళ్ళవరకు" అన్న మాట దగ్గర ఆగి, మీ నాన్నగారి పేరు గట్టిగా, చెవికి వినబడేలా పలకండి. తర్వాత ఏం మాట వస్తే అది చెప్పండి, కోపమైనా సరే. మీ అమ్మగారు ఇంట్లోనే ఉంటే సాయంత్రం ఆమె దగ్గర కూడా ఆ పేరు ఎత్తండి.